నాలుగో ఓనరుకు

నువ్వెవరో నాకు తెల్వదు.
కాయితాలు చూపియ్యమంటే
నీ చేతికి ముందు గిదే రావాలని
ఆర్‌సీ కవరుకు రబ్బరు బ్యాండుతో చుట్టి పెడుతున్న.
పసుపు మరక చూసి అనుమానపడకు,
నేను వంటమనిషిని.

ఈ బండికి నేను మూడోదాన్ని.
మలక్‌పేటల జంగయ్య దగ్గర కొన్న, చిట్టి ఎత్తి,
లక్షా ఎనభైకి. అందుల నాలుగువేలు తగ్గించిండు
సీటు కవర్లు నేనే ఏయించుకుంటనంటె.
పొద్దున ఎనిమిదింటికి పోయిన.
బానెట్ మీద చెయ్యి పెడితే అప్పటికే వెచ్చగుండె.
పాతికేండ్లు పొయ్యి ముందు నిలబడ్డదాన్ని,
వెచ్చగుందంటే ఎవరో నాకంటె ముందు లేచి
ఏదో ఉడికించిన్రని తెల్వాలె కదా.
తెల్వలే.

ఇంటికి తెచ్చినంక ఎరుకైంది.
రాత్రంత నిలబడ్డ బండిని స్టార్టు చేస్తె
మూడు సెకండ్లు,
డబ్బల చిల్లర పైసలు ఊపినట్టు ఒక చప్పుడు.
తర్వాత ఏం ఎరగనట్టు.
ఫోన్ చేస్తే జంగయ్య
"డీజిల్ బండక్కా, గుర్రుమనకపోతె భయపడాలె" అన్నడు.
నేను నవ్విన.
ఆ నవ్వుకు ఎంత పడ్డదో కింద రాస్త.

మార్చి నెల, పన్నెండున్నర,
అత్తాపూర్, పిల్లర్ నంబర్ నూట ఇరవై మూడు.
వెనక సీట్ల ముప్పై ఎనిమిది క్యారేజీలు,
మామిడికాయ పప్పు, బెండకాయ వేపుడు.
టక్కుమన్నది.
గంతే.
అంత పెద్ద చావుకు గంత చిన్న చప్పుడు.
స్టీరింగు రాయైంది.
వెనక హారన్లన్ని నా పేరు పెట్టి తిడుతున్నట్టే.
ఇద్దరు పోరగాళ్లు తోసి పక్కకు పెట్టిన్రు,
"ఆంటీ, ఇంజను కాలినట్టుంది, వాసనొస్తుంది" అన్నడొకడు.
పప్పు బిడ్డా, అన్న.
ఇంజనుకెల్లి ఏ వాసనా రాలే.

కిషన్‌బాగుల ఖలీల్ భాయ్ షెడ్డు.
రెండు దినాలు విప్పి విప్పి
బొటనవేలంత ముక్క నా అరచేతుల పెట్టిండు.
"ఏ దేఖో అమ్మా, టెన్షనర్."
చైన్‌ను బిగబట్టి ఉంచుడే దాని కొలువంట.
అది పట్టు వదిలింది, చైన్ పండ్లు దాటింది,
వాల్వులు పిస్టన్లకు గుద్దుకొని వంగినయి.
"గాడీ కా కసూర్ నై, పుర్జాచ్ పైదాయిషీ ఖరాబ్."
పేరు విని నవ్వొచ్చింది.
టెన్షన్ పడుడు దాని పని,
అది మానేసి నాకు అప్పజెప్పింది.

షోరూముల ఏసీ, కాఫీ.
పిల్ల కంప్యూటర్ల చూసి, ఆ ముక్క సంగతి
కంపెనీకి ఎరుకే అన్నది.
ఫుకట్ల మారుస్తమని ఆరేండ్ల కిందనే ఉత్తరాలేసిన్రంట.
ఎవరికమ్మా?
మొదటి ఓనరుకు.
"మీ పేరు లిస్టుల లేదు మేడమ్. గడువు గూడ అయిపోయింది."

ఆర్‌సీల పాత పేరు పట్టుకొని సైనిక్‌పురి పోయిన.
ప్రభుదాస్ గారు చాయ్ ఇచ్చిండు.
బండి అమ్మినంక వచ్చిందమ్మా ఆ ఉత్తరం,
నాది కాని బండికి నాకెందుకని,
వెనక తెల్లగుంటే మనుమరాలికిచ్చిన, అన్నడు.
ఏడో ఎక్కం దాని మీదనే నేర్చిందంట ఆ పిల్ల.
కొట్లాడనీకి పోయినదాన్ని,
చక్కెర ఎక్కువైందని గూడ చెప్పలేకపోయిన.

అరవై రెండు వేలు.
అందుల పద్నాలుగు ఇంకా బాకీ,
ఖలీల్ భాయ్ ఇంట్ల దావతులకు వండి తీరుస్తున్న.
ఆ దినం ఆకలికి ఆగని గిరాకీలు
తొమ్మిది మంది మళ్ల రాలే. వాళ్లది తప్పంటనా?

చైన్ కొత్తది, టెన్షనర్ కొత్తది,
బిల్లు దీని వెనక పిన్ను కొట్టిన.
ఐనా పొద్దుగాల తాళం తిప్పి
చెవి పెట్టి మూడు లెక్కబెట్టంది బయల్దేర,
ఆవాలు చిటపటమనే దాకా నూనెను నమ్మనట్టు.

నువ్వొచ్చే దినం
నేను ముందుగాల స్టార్టు చెయ్య.
రాత్రంత బయటనే పెడత.
బానెట్ మీద చెయ్యి పెట్టు.
సల్లగ లేకపోతె
నన్ను గూడ నమ్మకు.